గడప దాటని విషం

లలితాంబ ఆ మధ్యాహ్నం పాలకూర పప్పుతో మళ్ళీ మళ్ళీ అన్నం కలుపుకుంది. కూతురు సౌదామిని ఎదురుగా కూర్చుని, తను తినడం మరచిపోయి, అమ్మ నోటివైపే చూస్తోంది.

"చేదుగా ఏమన్నా ఉందా?" అని అడిగింది.

"పాలకూరలాగే ఉందే. ఇంకోలా ఎందుకుంటుంది?" అంది లలితాంబ. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, "కాస్త ఉప్పు తగ్గింది. అది నీ ఆకు తప్పు కాదులే," అని నవ్వింది.

ఆ ఇంట్లోకి పాలకూర వచ్చి ఏళ్ళయింది. రానివ్వనిది సౌదామినే. ఆమె నగరం శివార్లలో ఒక మొక్కల పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నగరానికి ఆకుకూరలు పంపే ఊళ్ళు తిరిగి ఏ ఆకులో ఏముందో పరీక్షించే పని ఆమెకు అప్పగించారు. ఎర్రకుంట వాగు పక్కన పండే పాలకూర ఫలితం చూసి ఆమె తన కళ్ళను తనే నమ్మలేదు. వాగుకు ఎగువన పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే కర్మాగారం ఒకటుంది. దాని నీళ్ళు వాగులో కలుస్తాయి. వాగు నీళ్ళు మళ్ళకు పారతాయి. చివరికి ఆ సీసం ఆకులో తేలుతుంది.

ఆ రోజు నుంచే ఇంట్లో పాలకూర బంద్ అయింది. ఉప్పునీళ్ళలో నానబెడతానని, చింతపండు నీళ్ళతో కడుగుతానని, పసుపు వేసి ఉడికిస్తానని లలితాంబ ఎన్నో చెప్పి చూసింది. కడిగితే పోయేది ఆకు మీది మట్టి, ఉడికిస్తే చచ్చేవి క్రిములు. వేరు తాగి ఆకులో దాచుకున్న లోహం మాత్రం దేనికీ పోదని కూతురు విడమరచి చెప్పాక ఆమె ఇంక అడగలేదు. కానీ కూరల బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా పాలకూర కట్టలవైపు ఒకసారి చూసి, తోటకూర కొనుక్కుని లోపలికి వచ్చేది. ఆ చూపు సౌదామిని మనసులో గుచ్చుకునేది. తాము మానేయగలిగారు సరే. నగరంలో అన్నిటికన్నా చవకగా దొరికే ఆకు అదే. దాన్ని మానడం అందరి వల్లా అయ్యేపనేనా?

మొక్కను నీళ్ళు మానమనలేం. నీళ్ళలో ఏది తాగాలో ఏది వద్దో మొక్కకే నేర్పితే? ఆ ప్రశ్న పట్టుకుని ఆమె చాలాకాలం కూర్చుంది.

ప్రయోగశాలలో ఆమె రెండు తొట్లు పెట్టి, రెండింటికీ ఎర్రకుంట వాగు నీళ్ళే పోసేది. ఒకదానిలో మామూలు పాలకూర, రెండోదానిలో తను మార్చిన పాలకూర. వేరు లోపల నీళ్ళు కాండంలోకి వెళ్ళేముందు దాటాల్సిన ఒక కణాల వరుస ఉంటుంది. ప్రయోగశాలలో అందరూ దాన్ని గడప అనేవారు. సీసం వచ్చి తగలగానే వేరు గంధకం కలిసిన ఒక రసాన్ని బయటికి ఊరించేలా, ఆ రసంలో సీసం గడ్డకట్టి గడప ఇవతలే ఆగిపోయేలా ఆమె మొక్కను మార్చింది. ఎన్నోసార్లు మొక్కలు చచ్చాయి. కొన్ని బతికాయి గాని సీసంతోపాటు ఇనుమునూ ఆపేసి పాలిపోయాయి.

ఒకరోజు ఆమె ఒక మొక్కను పీకి, వేరు కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. సన్నటి వేళ్ళ పొడవునా బూడిదరంగు పూసలు కనిపించాయి. ఆవగింజలో సగం కూడా లేవు. సీసమంతా వాటిలోనే ఉంది. ఆకు పరీక్షిస్తే పచ్చగా, పరిశుభ్రంగా తేలింది. ఆ పూసలు చూడాలన్న ఆశ కొద్దీ ఆమె తర్వాత రోజుల్లో అవసరం లేకపోయినా మొక్కలు పీకేది. చేతివేళ్ళ మధ్య నలిపి చూస్తే గరగరమనేవి. వాటిని ఒక సీసాలో నీళ్ళు పోసి, అందులో వేసి నెలలు ఉంచింది. కరగలేదు.

"మట్టిలోంచి వచ్చినవి మట్టిలోనే ఉంటాయి. ఇంకేం కావాలి?" అన్నారు డైరెక్టర్ దైవసహాయంగారు. ఆయన అంతగా సంతోషించడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అందరూ దాన్ని గడప పాలకూర అనడం మొదలుపెట్టారు.

మొదట దాన్ని పొలంలో వేసింది బాలమణి. ఎర్రకుంట వాగు పక్కన కౌలుకు ఆకుకూరలు పండించే మనిషి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ మళ్ళలోనే వంగి పనిచేసి ఆమె నడుం కాస్త ముందుకు ఒంగిపోయింది. కొడుకు, కోడలు, నాలుగేళ్ళ మనవరాలు అక్షిత, ఒక బర్రె ఆమె సంసారం. వాగు ఆకు అని తెలిస్తే సంతలో జనం కట్టను కింద పెట్టేస్తున్న రోజులవి. ఆకులో విషం ఉండదంటే ఆమె మొదట నమ్మలేదు. "మరి ఎటు వోతది?" అని అడిగింది. వేరు బయటే ఆగిపోతుందని సౌదామిని చెప్పింది. బాలమణి తల ఊపి విత్తనం తీసుకుంది.

పంట ఎదిగింది. ఇన్నేళ్ళ తర్వాత లలితాంబ మళ్ళీ పాలకూర తిన్నది ఆ మొదటి కోతలోంచే. ఆ ఆకు పండించిన మనిషిని చూడాలని ఆమె పట్టుబట్టి పొలానికి వెళ్ళింది. ఎటునుంచి ఎటు కలిసిందో గాని ఆ ఇద్దరికీ స్నేహం కుదిరింది. బాలమణి బర్రె పాలు చిక్కగా ఉన్నాయని లలితాంబ ప్యాకెట్ పాలు మానేసింది. బాలమణి కొడుకు సంతకు వెళ్తూ పొద్దున్నే పాల క్యాను ఇచ్చిపోయేవాడు. సౌదామిని కూతురు నీహారికకు ఆ పాలతో తోడుపెట్టిన గడ్డపెరుగంటే ప్రాణం. సౌదామిని భర్త రైల్వేలో గార్డు. ఇంట్లో ఉన్నన్ని రోజులు ఆయనా ఆ పెరుగునే మెచ్చుకునేవాడు.

ఏడాది తిరిగేసరికి వాగు పక్కన మళ్ళన్నీ గడప పాలకూరే అయ్యాయి. సంతలో పేరుపెట్టి అడిగి కొంటున్నారు. మిగతా జిల్లాలకు విత్తనం పంపడానికి సంస్థలో ఏర్పాట్లు మొదలయ్యాయి.

అప్పుడు బాలమణి ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, మా పిల్లకు కడుపునొప్పి తగ్గుతలేదు. బువ్వ తింటలేదు, ఆడుతలేదు. నీ ఆకు తినవట్టినంకనే ఇట్లయింది," అంది. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండుననిపించింది సౌదామినికి.

పిల్లను ఆసుపత్రిలో చూపించారు. రక్తంలో సీసం ఉందన్నారు, బాగా ఎక్కువగానే. చేర్చుకుని, దాన్ని ఒంట్లోంచి లాగే మందు మొదలుపెట్టారు. ఇంట్లో పాత రంగులున్నాయా, కాటుక పెడతారా, ఆటబొమ్మలు నోట్లో పెట్టుకుంటుందా అని డాక్టరు అడిగాడు. సౌదామిని పరుగున వెళ్ళి ఆ పొలం ఆకును మళ్ళీ పరీక్షించింది. ఒక్క మడి వదలకుండా ఆకులు తెచ్చింది. ఒక్కదానిలోనూ సీసం లేదు.

ఆకు తప్పు లేదని తేలితే ఆమెకు ఊరట కలగాలి. కలగలేదు. గడప పాలకూర రాకముందు ఆ పిల్ల విషపు ఆకే తింటూ పెరిగింది, అయినా ఇంత జబ్బు పడలేదు. ఇప్పుడు మంచి ఆకు తింటూ పడిపోయింది. ఈ లెక్క ఎక్కడో తిరగబడింది. ఎక్కడ?

ఆమె చిన్న చిన్న గాజుబుడ్లు సంచీలో వేసుకుని వెళ్ళి బాలమణి ఇంట్లో ఒక పగలంతా కూర్చుంది. ఆ ఇంట్లో పిల్ల నోటికి అందేవన్నీ పోగుచేసింది. ట్యాంకరు నీళ్ళు, బియ్యం, పప్పు, పొయ్యి దగ్గర గోడకు వేసిన సున్నం, కాటుక, పిల్ల మొలతాడుకున్న పూస, ఇంటి ముందు దుమ్ము. బాలమణి ఆమె చేసేది చూస్తూ వెంట తిరిగింది. చివరికి టీ పెట్టి ఇచ్చింది. టీ తాగుతూ చూసుకుంటే సంచీలో ఒక బుడ్డి మిగిలింది. ఖాళీగా తీసుకెళ్ళడమెందుకని గిన్నెలో మిగిలిన పాలు అందులో పోయించుకుంది.

నీళ్ళలో లేదు. కాటుకలో లేదు. దుమ్ములో కొంచెం ఉంది, అది ఆ ప్రాంతంలో అంతటా ఉన్నదే. పాలలో ఉంది.

ఏదో పొరపాటనుకుని ఆమె మళ్ళీ పరీక్షించింది. మళ్ళీ అంతే వచ్చింది. వాగు నీళ్ళు తాగినా, వాగు గడ్డి మేసినా బర్రె పాలలోకి ఇంత సీసం దిగడం ఆమె ఎరిగిన ఏ లెక్కకూ అందలేదు. ఆ బర్రె ఏం తింటోందో చూడాలి.

ఆమె వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. బర్రె కొట్టం ముందు తీరిగ్గా నమలుతోంది. దాని పళ్ళ కింద ఏదో గరగరమంటోంది, గడ్డి నమిలితే రాని చప్పుడు. సౌదామిని దగ్గరికి వెళ్ళి గంపలో చేయి పెట్టింది. పాలకూర మొదళ్ళు. ఆకు ఇక ఎదగదనుకున్నాక ఆఖరికోత కోసి, మడిలోంచి పీకిన మొదళ్ళు. లావుగా, వేళ్ళ నిండా బూడిదరంగు పూసలతో.

"ఇవి దీనికి ఎప్పటి నుంచీ పెడుతున్నావక్కా?" అని అడిగింది.

"ఎప్పటి నుంచో. మా అత్త గూడ పెట్టేది. తియ్యగుంటయ్, పాలు మంచిగ దిగుతయ్," అంది బాలమణి.

పాత పాలకూరలో విషం ఆకుకూ వేరుకూ చెదిరి ఉండేది. కొత్తదానిలో ఆకుకు పోవాల్సినదీ వేరులో ఉన్నదీ అంతా వేరు చుట్టే పోగుపడింది. పోగుపడినదాన్ని ప్రతి పంట చివరా గంపల కొద్దీ బర్రె తింటోంది. పూసలు నీళ్ళలో కరగవని సౌదామిని నెలల తరబడి చూసి తేల్చుకుంది. కడుపులోని పులుపులో కరుగుతాయేమోనని చూడాలన్న ఆలోచన ఆమెకే కాదు, ఆ సంస్థలో ఎవరికీ రాలేదు.

అప్పుడే ఆమె కళ్ళు గోడ పక్కన బోర్లించిన పాల క్యాన్ల మీద పడ్డాయి. వాటిలో ఒకదాని పిడికి ఎర్ర దారం చుట్టి ఉంది. కలిసిపోకుండా లలితాంబ కట్టిన గుర్తు అది. సౌదామిని అక్కడి నుంచి నేరుగా ఇంటికెళ్ళి నీహారికను ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

నీహారిక రక్తంలోనూ సీసం తేలింది. అక్షితకున్నంత లేదు, మందు అవసరం లేదు, వచ్చే దారి మూసేస్తే మెల్లగా తగ్గుతుందన్నాడు డాక్టరు. తగ్గేలోపు మెదడుకు ఏమైనా అవుతుందా అంటే, పిల్ల ఎదిగితేగాని చెప్పలేమన్నాడు. ఇంటికి వచ్చి సౌదామిని పెరుగు పారబోయడానికి గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్తుంటే లలితాంబ అడ్డుపడింది. ప్యాకెట్ పాలలో ఏదేదో కలుపుతున్నారని, చిక్కటి పాలు పిల్లకు పట్టిద్దామని తనే పట్టుబట్టి తెప్పించానని చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. తల్లి తప్పు ఏమీ లేదని సౌదామిని చెప్పింది. అది నిజమే. ఆ నిజం వల్ల ఇద్దరిలో ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

మర్నాడు ప్రయోగశాలలో ఆమె కడుపులో ఉండేంత పులుపున్న ద్రావకం కలిపి, దానిలో పూసలు వేసింది. దైవసహాయంగారిని పిలిచి చూపించింది. వాళ్ళు చూస్తుండగానే పూసలు మసకబారి, చిన్నవై, మాయమయ్యాయి. కుళ్ళిన గుడ్డు వాసన గది నిండా వచ్చింది.

ఆయన కిటికీ తెరిచి, అక్కడే నిలబడ్డారు. "వేరు పశువులకు పెట్టొద్దని చెబితే సరిపోతుంది కదా, సౌదామినీ?"

"ఎంతమందికి చెబుతాం సార్? పెట్టకపోతే ఏం చేస్తారు? గట్టు మీద పారేస్తారు, మేకలు తింటాయి. కాలుస్తారు, పొగ పీలుస్తారు. విత్తనం అన్ని జిల్లాలకూ వెళ్ళాక మన చేతిలో ఏముంటుంది?"

"ఆపితే మాత్రం?" ఆయన గొంతు పెంచలేదు. "ఆపితే రేపు వాళ్ళు పాత విత్తనమే వేస్తారు. ఆ ఆకు తినేవాళ్ళ రక్తం ఎవరు పరీక్షిస్తారు? ఇద్దరు పిల్లలు మనకు కనిపించారు. కనిపించనివాళ్ళు ఎంతమంది?"

ఆయన అన్నది తప్పు కాదు. మంచి ఆకు మంచిదే. చెడ్డదంతా వేరు దగ్గర ఒకచోట చేరింది. చెదిరి ఉన్నప్పుడు ఎవరూ ఏరలేనిది, ఇప్పుడు పూసలై చేతికి అందుతోంది. ఆ మాట మనసులో అనుకున్నాక ఆమెకు మెల్లగా దారి కనిపించింది.

"ఆకు వాళ్ళు అమ్ముకోనీండి సార్. వేరు మనం తీసుకుందాం. ప్రతి మడి నుంచీ, ఒక్క మొదలూ వదలకుండా. వేరు వెనక్కి తెచ్చుకోగలిగినంత మేరకే విత్తనం ఇద్దాం. అంతకుమించి ఒక్క గింజా గేటు దాటొద్దు."

అలా అయితే విత్తనం పాకడానికి ఏళ్ళు పడుతుందన్నారు ఆయన. పడుతుందని ఆమె ఒప్పుకుంది. చివరికి ఆయన సరేనన్నారు. ఆ సాయంత్రం ఆయన నడక చూసి పదేళ్ళు మీదపడ్డాయనుకున్నారు తోటివాళ్ళు.

బాలమణికి ఈ సంగతి ఫోన్‌లో చెప్పే మాట కాదు. సౌదామిని ఆసుపత్రికే వెళ్ళింది. అక్షిత మంచం మీద నిద్రపోతోంది, చేతికి సూది గుచ్చి ఉంది. బాలమణి మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. సౌదామిని ఆమె పక్కనే కూర్చుని, పూసల సంగతి, పాల సంగతి, తన ఇంటి సంగతి అన్నీ చెప్పింది.

బాలమణి విన్నది. మనవరాలి పాదం మీద చేయి వేసి మెల్లగా రాస్తూ విన్నది.

"నీకు ఎర్కలేదా?"

"లేదక్కా. మొదళ్ళు ఏం చేస్తావని నిన్నెప్పుడూ అడగలేదు."

"అడిగితే చెప్పకపోదునా?" అంది బాలమణి. అంతే. సౌదామిని వెళ్ళడానికి లేచినప్పుడు మాత్రం, బర్రెను ఏం చేయమంటావని అడిగింది. దాని ఒంట్లోంచి దిగిపోయేదాకా పాలు పిండి పారబోయాలని, ఎన్నాళ్ళో చెప్పలేనని సౌదామిని చెప్పింది. పారబోసేది కూడా మొదళ్ళ కోసం సంస్థ పంపే పీపాల్లోనే పోయమంది. అమ్మితే కొనేవాళ్ళకు అదే గతి పడుతుందని బాలమణి దాన్ని అమ్మలేదు. రోజూ పొద్దునా సాయంత్రం పిండి పీపాలో పోసేది. ఆ పని చేసేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదని ఆమె కోడలు తర్వాత చెప్పింది.

వాగు పక్కన రైతులను కూడగట్టి మాట్లాడినప్పుడు కొందరు పాత విత్తనానికే పోతామన్నారు. కొందరు పరిశోధన సంస్థవాళ్ళనెవరినీ ఇక పొలంలోకి రానివ్వబోమన్నారు. బాలమణి లేచి, ఆకు మంచిదేనని, తను అదే వేస్తానని చెప్పింది. సౌదామినివైపు తిరిగి ఒక్క షరతు పెట్టింది. మొదళ్ళు పీకేటప్పుడు డాక్టరమ్మ మడిలో ఉండాలి. మనుషులను పంపడం కాదు, తనే రావాలి.

సౌదామిని వచ్చింది. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని ప్రతి పంట చివరా మడిలో వంగింది. మొదటిసారి సగం మడికే నడుం పట్టేసింది. బాలమణి చూసి, "మోకాళ్ళ మీద కూసో," అని తన పక్కన చోటు చూపించింది. తడి మట్టిలో మొదళ్ళు పీకుతూ, దుమ్ము లేవకుండా పీపాల్లో నింపుతూ వాళ్ళిద్దరూ పిల్లల గురించి మాట్లాడుకునేవారు. అక్షిత మళ్ళీ ఆడుతోంది. మాటలు కాస్త తడుముకుంటోంది. ముందు నుంచీ అంతేనా, దీనివల్లనా అన్నది ఎవరూ చెప్పలేరు. నీహారిక రక్తంలో సీసం తగ్గుతోంది. లలితాంబ ఇప్పుడు ఏది కొన్నా, వండేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతుంది.

ఆ పీపాలన్నీ సంస్థలో పేరుకున్నాయి. వేళ్ళు కాల్చి, పూసలు వేరుచేసి, పొగ బయటికి పోని కొలిమిలో కరిగించి చూద్దామన్నది సౌదామిని కుతూహలమే. ఎంత వస్తుందో చూడాలనిపించింది. లోహం కరిగించిన మూస చల్లారాక దాని అడుగున ఒక ముద్ద దొరికింది. ఉసిరికాయంత ఉంది. మసక నలుపు, గీస్తే లోపల వెండిలా మెరుపు. బాలమణి ఒక్కదాని మళ్ళ నుంచి వచ్చింది అంత.

ఆమె దాన్ని కాగితంలో చుట్టి పొలానికి తీసుకెళ్ళింది. బాలమణి అరచేయి చాపింది. ముద్ద పడగానే ఆ చేయి కొంచెం కిందికి దిగింది.

"గింతదానికి ఇంత బరువా?" అంది. పక్క మళ్ళవాళ్ళూ వచ్చారు. చేతి నుంచి చేతికి అది తిరిగింది. పట్టుకున్న ప్రతివాళ్ళూ ముందు చేత్తో తూచి చూసి, తర్వాత వాగు వైపు చూశారు. ఇన్నేళ్ళుగా ఇదంతా ఎవరెవరి కడుపుల్లోకి పోయిందోనని ఒక ముసలామె పైకే అంది.

అందరి చేతులూ సబ్బుతో కడిగించాక, దీన్ని ఎక్కడ పెడతావని బాలమణి సౌదామినిని అడిగింది. సంస్థలో ఒక గదిలో, తాళం వేసి, అని సౌదామిని చెప్పింది. ఇంకా పీపాలున్నాయి కదా అంది బాలమణి. ఉన్నాయంది. ప్రతి పంటకూ వస్తాయి కదా అంది. వస్తాయంది. వాగు నీళ్ళు ఇలాగే పారినన్నాళ్ళూ వస్తూనే ఉంటాయని తను చెప్పకుండానే బాలమణికి అర్థమైందని సౌదామినికి తెలిసింది.

"ఎవలది వాళ్ళకు ఇచ్చొద్దాం, నడువు," అంది బాలమణి.

ఎగువకు వాగు గట్టు వెంబడే నడిచారు. కర్మాగారం గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. ఇద్దరాడవాళ్ళు, వెనక మరికొందరు. ఎవరు కావాలన్నాడు. పెద్దాయన కావాలి, ఆయన వస్తువొకటి మా దగ్గరుండిపోయింది, ఇవ్వడానికి వచ్చాం అని సౌదామిని చెప్పింది. చాలాసేపు నిలబెట్టాక ఇద్దరినే లోపలికి పంపారు.

మేనేజరు నడివయసు మనిషి, మర్యాదగానే కూర్చోమన్నాడు. బాలమణి కూర్చోలేదు. కాగితం విప్పి ముద్దను ఆయన ముందుంచింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రోజూ చూసే సరుకు కాబట్టి చూడగానే పోల్చుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, మంచి శుద్ధిగా ఉంది, ఇది మీకెక్కడిదని అడిగాడు.

"మా పాలకూర వేర్లల్ల దొరికింది," అంది బాలమణి.

ఆయన ఆమె ముఖం చూశాడు. సౌదామిని ముఖం చూశాడు. ముద్దను మెల్లగా బల్ల మీద పెట్టి, తన అరచేతిని ఒకసారి చూసుకుని, చేతులు కడుక్కోవడానికి లేచాడు.